ఒక్క బిట్ చెప్పడానికి 827 మిల్లీ సెకన్లు: కాగ్నిటివ్ రేడియోలో ఫీడ్‌బ్యాక్ ఖర్చు తగ్గించేదెలా?

ఉప్పుగాలి
అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లోనే స్పెక్ట్రమ్ షేరింగ్ మీద రీసెర్చ్ చేస్తున్నా, అంటే ఒకరి రేడియో చానెల్ ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకరు విని వాడుకునే కాగ్నిటివ్ రేడియో. రెండు నెలలుగా ఒక దగ్గర ఇరుక్కుపోయాను, ఇక్కడ ఫీల్డ్‌లో పనిచేసినవాళ్ళు ఉన్నారని తెలిసి రాస్తున్నా, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా సెటప్ ఇదీ. కాలేజీకి ప్రయోగాల లైసెన్స్ ఉంది, 470 మెగాహెర్ట్జ్ పైన ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి దాన్నే ప్రైమరీ అనుకుంటున్నాం, అంటే ఆ చానెల్ మీద హక్కు దానిదే. అది ఊరుకున్నప్పుడు మాత్రమే మా సెకండరీ లింక్ చానెల్ వాడుకోవాలి. ప్రైమరీ మాట్లాడుతోందో లేదో వినడానికి 10 నోడ్లు డాబాల మీద పెట్టాం, ఎంవీపీ కాలనీలో నాలుగు, పెదవాల్తేరులో రెండు, మద్దిలపాలెంలో రెండు, కైలాసగిరి అవతల జోడుగుళ్ళపాలెంలో రెండు. ఒక్కోదాంట్లో వినడానికి ఒక చవక ఎస్‌డీఆర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ రేడియో రిసీవర్), ఒక రాస్ప్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్, చెప్పడానికి ఒక లోరా మాడ్యూల్ (దూరం పోయే, నెమ్మదైన రేడియో). విన్నదాన్ని లోరాలో 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ల్యాబ్‌లో ఉన్న ఫ్యూజన్ సెంటర్‌కి చెప్తాయి, నిర్ణయం అక్కడ.

పుస్తకాల్లో అంతా సులువుగా ఉంటుంది కదా, నోడ్ కొలిచిన ఎనర్జీ మొత్తం పంపకుండా "ఉంది/లేదు" అని ఒక్క బిట్ పంపితే చాలు, ఓవర్‌హెడ్ (ఈ కబుర్లకయ్యే అదనపు ఖర్చు) పోయింది అంటారు. నేనూ అదే నమ్మాను. తీరా లెక్క వేస్తే కొండ అవతలి నోడ్లు వినిపించాలని ఎస్‌ఎఫ్ 12 (లోరాలో అన్నింటికంటే నెమ్మదిగా, ఎక్కువ దూరం పోయే సెట్టింగ్) పెట్టాం కాబట్టి ఒక్క బైట్ పంపడానికి గాల్లో 827 మిల్లీ సెకన్లు పడుతోంది. 10 బైట్లు పంపితే ఎంతో తెలుసా, 991. అంటే డేటాని పదో వంతుకి తగ్గించినా టైమ్ ఆరో వంతు కూడా తగ్గడం లేదు. ఖర్చంతా డేటాకి ముందు పోయే ప్రీఆంబుల్‌దీ ("వస్తున్నా" అని చెప్పే సిగ్నల్) హెడర్‌దీ. పది నోడ్లూ వరసగా చెప్పేసరికి 8 సెకన్లు దాటుతోంది. టీవీ బ్యాండ్ కాగ్నిటివ్ రేడియోకి రాసిన 802.22 స్టాండర్డ్‌లో ప్రైమరీ వచ్చిందని 2 సెకన్లలో కనిపెట్టాలని ఉంది. మేం కనిపెట్టేసరికి ప్రైమరీ నాలుగు మాటలు మాట్లాడేసి ఉంటుంది.

ఏం తగ్గించాలో చెప్పండి.

గాజువాక ఈసీఈ
అన్నా నేను ఫైనల్ ఇయర్, బేసిక్ డౌట్. ఫీడ్‌బ్యాక్ అంటే ఇక్కడ నోడ్ చెప్పే రిపోర్టా, లేక రిసీవర్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కి వెళ్ళే చానెల్ సమాచారమా? మా సార్ క్లాసులో రెండోదాన్నే ఫీడ్‌బ్యాక్ అన్నారు.

బేస్‌బ్యాండ్ రుషికొండ
రెండూ ఫీడ్‌బ్యాకే తమ్ముడూ. మొదటిది "చానెల్ ఖాళీగా ఉందా" అన్నదానికి, రెండోది "ఖాళీ లేకపోయినా ప్రైమరీకి తగలకుండా ఎటు తిప్పి పంపాలి, ఎంత పవర్‌తో పంపాలి" అన్నదానికి. మొదటి పద్ధతిని ఇంటర్‌వీవ్ అంటారు, రెండోదాన్ని అండర్‌లే అంటారు. నేను 5జీ బేస్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తా, మాకు రోజూ రెండోదే గొడవ. ఉప్పుగాలి గారి సమస్య మొదటిది, దాని సంగతి తేలాక రెండోదాని గురించి రాస్తాను, చెప్పాల్సింది చాలా ఉంది.

పాతటవర్
బాబూ ఉప్పుగాలీ, నేను ముప్పై ఏళ్ళు మైక్రోవేవ్ లింకుల మీద పనిచేసి రిటైరయ్యాను. నీ నోడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చదవగానే నాకు ఒకటి తట్టింది. ఎంవీపీలో నాలుగు పెట్టావు, ఆ నాలుగూ చెప్పేది ఒకటే మాట కదా. మన ఊళ్ళో నీడ అంతా కొండలదే, కైలాసగిరి, సింహాచలం కొండ, అటు యారాడ కొండ. ఒకే నీడలో ఉన్న నాలుగు నోడ్లు ఒకేసారి వింటాయి, ఒకేసారి వినవు. నలుగురు సాక్షులని నువ్వనుకుంటున్నావు గానీ ఉన్నది ఒక్కడే సాక్షి. ముందు లాగ్ తీసి ఏ రెండు నోడ్లు ఎప్పుడూ ఒకే జవాబు చెప్తున్నాయో చూడు, వాటిలో ఒకదాన్ని నోరు మూసుకోమను. ఏ బిట్‌ని ఎలా కుదించాలా అని ఆలోచించే ముందు ఎవరు మాట్లాడక్కర్లేదో తేల్చుకోవాలి.

ఇంకో మాట. పదిమందిలో ఒక్కడు "ఉంది" అన్నా ఆపెయ్యాలి అనే రూలు పెట్టావా? ఒక్కో నోడ్ పదిసార్లలో ఒకసారి లేనిది ఉందని పొరపాటు పడితే, పది నోడ్లలో కనీసం ఒకటి పొరపాటు పడే అవకాశం 65 శాతం. ఖాళీ చానెల్ చేతిలో పెట్టుకుని సగానికి పైగా టైమ్ ఊరికే కూర్చుంటావు. అదే కనీసం ఐదుగురు చెప్తేనే నమ్ముతానంటే 0.2 శాతం కూడా ఉండదు, కానీ అప్పుడు కొండ అవతల ఒక్కడే విన్న నిజం కొట్టుకుపోతుంది. ఆ ఒక్కడి మాటే నీకు కావాల్సింది.

డేటాబేస్ మనిషి
అసలు ఇలా వినడం, అంటే సెన్సింగే ఎందుకండీ? అమెరికాలో రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో టీవీ వైట్ స్పేస్ (టీవీ వాడని ఖాళీ చానెళ్ళ) రూల్స్ పెట్టినప్పుడు సెన్సింగ్ తప్పనిసరి చేసింది, 2010కల్లా జియోలొకేషన్ డేటాబేస్ (ఏ చోట ఏ చానెల్ ఖాళీయో చెప్పే లిస్ట్) చూసుకునే పరికరాలకి అక్కర్లేదని తీసేసింది. మన దేశంలో కూడా ఐఐటీ బాంబే వాళ్ళు లెక్క వేస్తే 470-590 మెగాహెర్ట్జ్‌లో ఉన్న 15 చానెళ్ళలో దాదాపు ఎక్కడ చూసినా 12 ఖాళీ. పైగా పాల్ఘర్ పల్లెల్లో ఆ బ్యాండ్‌లో లింకులు నడిపి చూపించారు. లొకేషన్ చెప్పు, చానెల్ లిస్ట్ తీసుకో, అయిపోయింది, పది నోడ్లు అరవాల్సిన పనేముంది?

పాతటవర్
టీవీ టవర్ కదలదు కాబట్టి డేటాబేస్ సరిపోయింది. కదిలేవాళ్ళ సంగతేంటి? ఆ అమెరికాలోనే 3550-3700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నేవీ రాడార్లు ఉన్నాయి, ఓడ ఎప్పుడు తీరానికి వస్తుందో ఏ డేటాబేస్‌కీ ముందే చెప్పరు. అందుకే 2015లో రూల్స్ రాసినప్పుడు తీరం పొడుగునా వినే సెన్సర్లు కూడా పెట్టమన్నారు, రాడార్ వినపడి ఆపమని ఆదేశం వస్తే 60 సెకన్లలో ఆ చుట్టుపక్కల వాళ్ళు తప్పుకోవాలి. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో కూర్చుని మనం ఈ మాట మర్చిపోకూడదు. మన దగ్గర 3300-3670 బ్యాండ్‌ని 2022లో 5జీకి వేలం వేశారు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న రాదు, నేను పద్ధతి గురించి చెప్తున్నా. డేటాబేస్ కూడా ఫీడ్‌బ్యాకే, కాకపోతే రోజుకోసారి వచ్చే ఫీడ్‌బ్యాక్.

డేటాబేస్ మనిషి
అది ఒప్పుకుంటా మాస్టారూ. కదిలే ప్రైమరీకి డేటాబేస్ చాలదు.

ఉప్పుగాలి
మాస్టారూ లాగ్ తీసి చూశాను. మీరు చెప్పిందే, ఎంవీపీ నోడ్లలో మూడు దాదాపు కవలలు. వాటిలో రెండింటిని ఆపేశాను. మిగతావాటికి సెన్సరింగ్ పెట్టాను, అంటే రెండు థ్రెషోల్డ్‌లు, ఎనర్జీ బాగా ఎక్కువుంటే "ఉంది", బాగా తక్కువుంటే "లేదు", మధ్యలో ఉంటే ఏమీ చెప్పకూడదు, అనుమానంగా ఉన్నవాడు మాట్లాడి ఉపయోగం లేదు కదా అని. అది బాగా పనిచేసింది. అక్కడితో ఊరుకోలేదు, ఎలాగూ ఎక్కువ సేపు ప్రైమరీ ఉండదు కాబట్టి "లేదు" అని చెప్పడం కూడా మానేద్దాం, ఉంటేనే చెప్దాం అని మార్చాను. గాలి మొత్తం ప్రశాంతం అయిపోయింది, చాలా సంతోషపడ్డాను.

తర్వాత జరిగింది చెప్తాను. పోయిన వారం ఒక మధ్యాహ్నం ఎంవీపీ, పెదవాల్తేరు వైపు కరెంటు పోయింది, ఆ డాబాల మీద ఇన్వర్టర్ లేదు. నాలుగు నోడ్లు చచ్చిపోయాయి. ఫ్యూజన్ సెంటర్‌కి నాలుగు వైపుల నుంచి నిశ్శబ్దం వచ్చింది, నిశ్శబ్దం అంటే ఖాళీ అని నేనే రాశాను కదా కోడ్‌లో. ప్రైమరీ ఆన్ అయింది, మా సెకండరీ దాని మీదే మాట్లాడుతూ కూర్చుంది, 40 నిమిషాలు. సాయంత్రం లాగ్ చూస్తే గానీ తెలియలేదు. ఆ ప్రైమరీ మాది కాబట్టి ఎవరికీ నష్టం లేదు, కానీ అదే ఎవరిదైనా అత్యవసర రేడియో అయ్యుంటే? హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్ 12న, మా ఇంట్లో ఎవరి ఫోనూ పనిచేయలేదు, మా మావయ్య గాజువాకలో బతికున్నాడో లేదో మూడు రోజులు తెలియలేదు. అలాంటి రోజునే కరెంటు పోతుంది, అలాంటి రోజునే నోడ్లు చచ్చిపోతాయి, అలాంటి రోజునే ప్రైమరీ మాట్లాడాల్సి వస్తుంది. మూడూ ఒక్క రోజే జరుగుతాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు నిజంగా.

బేస్‌బ్యాండ్ రుషికొండ
ఇది ఇక్కడ రాసినందుకు థాంక్స్. చాలా పేపర్లలో సెన్సరింగ్ గ్రాఫ్ చూపిస్తారు, చచ్చిపోయిన నోడ్ గురించి ఒక్క లైను ఉండదు.

జాలరిపేట వైర్‌లెస్
నేను చదువుకున్నోణ్ణి కాదు, హార్బర్ కాడ బోట్లకి వీహెచ్‌ఎఫ్ సెట్లు రిపేర్ చేస్తాను, మా నాన బోటు ఉంది. మీరు రాసిందాంట్లో సగం నాకు అర్థం కాలేదు గానీ ఆ నిశ్శబ్దం మాట మాత్రం బాగా అర్థమైంది. మా కాడ రూలేటంటే సెట్టు మీద బోటు పలకకపోతే బాగుంది అనుకోకూడదు. సెట్టు పాడయ్యుండొచ్చు, బ్యాటరీ దిగిపోయుండొచ్చు, ఇంకేటైనా అయ్యుండొచ్చు. పలికినోడే బాగున్నట్టు. అందుకే సాయంత్రం ఒక్కో బోటు పేరు పిలుస్తారు, పలకనోడి కోసం పక్క బోటోణ్ణి అడుగుతారు.

ఆర్టీసీ బస్సు చూడండి. కండక్టరు "రైట్ రైట్" అంటేనే కదులుతాది. ఏమీ అనకపోతే ఆగే ఉంటాది. కండక్టరు దిగిపోయినా బస్సు కదలదు. మీరు రాసిన కోడులో కండక్టరు లేకపోయినా బస్సు ఎళ్ళిపోతంది, అదే తప్పు అనుకుంటున్నాను.

పాతటవర్
ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఉప్పుగాలీ, దీన్నే పట్టుకో.

గాజువాక ఈసీఈ
కానీ మాస్టారూ అప్పుడు ఖాళీగా ఉన్నంతసేపూ అందరూ "ఖాళీ ఖాళీ" అని అరుస్తూ ఉండాలి కదా, ఓవర్‌హెడ్ మళ్ళీ మొదటికొచ్చింది.

బేస్‌బ్యాండ్ రుషికొండ
ఎందుకు రావాలి? సెకండరీకి పంపడానికి డేటా ఉన్నప్పుడే అడుగుతుంది, అడిగితేనే చెప్తారు. డేటా లేనప్పుడు ఎవరూ మాట్లాడరు, ఎవరూ పంపరు, నష్టం లేదు. కండక్టర్ కూడా బస్సు రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ రైట్ రైట్ అనడు కదా, స్టాపులోనే అంటాడు. సీబీఆర్‌ఎస్‌లో కూడా, అంటే మాస్టారు చెప్పిన ఆ 3550-3700 బ్యాండ్ పద్ధతిలో, ఇచ్చిన అనుమతికి గడువు ఉంటుంది, హార్ట్‌బీట్‌తో (మధ్యమధ్య పంపే "ఉన్నాను" కబురుతో) రెన్యూ చేసుకోకపోతే పరికరం తనంతట తనే ఆపెయ్యాలి.

లోరా చిప్పుల్లో సీఏడీ అని ఒక మోడ్ ఉంటుంది, ప్యాకెట్ మొత్తం డీకోడ్ చెయ్యక్కర్లేదు, ప్రీఆంబుల్ ఉందా లేదా అని మాత్రం ఒకటి రెండు సింబల్స్‌లో చెప్పేస్తుంది. మీరు దీన్ని వాడుకోవచ్చు. ఫ్యూజన్ సెంటర్ ఒక పోల్, అంటే "ఎవరైనా విన్నారా" అనే ప్రశ్న, పంపుతుంది. ప్రైమరీని విన్న నోడ్లన్నీ ఒకే స్లాట్‌లో, కలిసి, ఉత్త ప్రీఆంబుల్ మాత్రం పంపుతాయి. ఇద్దరు పంపారా ఏడుగురు పంపారా అని తెలియక్కర్లేదు, గుద్దుకున్నా పర్వాలేదు, అందులో డీకోడ్ చెయ్యడానికి ఏమీ లేదు. ఏదైనా వినిపిస్తే ఆపెయ్. పది స్లాట్లు ఒక స్లాట్ అయిపోతుంది. మాస్టారు చెప్పిన 65 శాతం సమస్య ఇక్కడ కూడా ఉంటుంది కాబట్టి ఒక్కో నోడ్ తప్పుడు అలారం 1 శాతానికి దించండి, అప్పుడు పదింటికీ కలిపి 10 శాతం లోపు వస్తుంది. దానికోసం నోడ్ కొంచెం ఎక్కువ సేపు వినాలి, వినడం గాల్లో ఖర్చు కాదు కదా.

ఇక చచ్చిన నోడ్ల కోసం, ప్రతి పోల్‌కీ ఒక్క నోడ్ వంతు, వరసగా. ఆ నోడ్ మాత్రం "ఉన్నాను" అని ఒక బైట్ పంపాలి. దాని వంతు వచ్చినప్పుడు పలకకపోతే ఆ నోడ్ ప్రాంతంలో సెకండరీ ఆగిపోవాలి.

ఉప్పుగాలి
మేడమ్ ఇది అద్భుతంగా ఉంది. ఎస్‌ఎఫ్ 12లో లెక్క వేశాను, పోల్ 827, ప్రీఆంబుల్ స్లాట్ 401, ఉన్నాను బైట్ 827, మొత్తం 2 సెకన్లు కొంచెం దాటుతోంది. ఎస్‌ఎఫ్ 10కి దిగితే 207, 100, 207, అర సెకనులో అయిపోతుంది. అంటే 8 సెకన్ల పని అర సెకనుకి. కొండ అవతలి రెండు నోడ్లు ఎస్‌ఎఫ్ 10లో వినిపిస్తాయా అన్నదే ఇక ప్రశ్న.

అండర్‌లే గురించి రాస్తానన్నారు, దయచేసి రాయండి.

బేస్‌బ్యాండ్ రుషికొండ
రాస్తున్నా. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి ఇది చెప్పడానికి నాకు ప్రతిసారీ గంట పడుతుంది, ఇక్కడ కుదించి చెప్తా.

ట్రాన్స్‌మిటర్‌కి 4 యాంటెన్నాలు ఉన్నాయనుకోండి. రిసీవర్ తన చానెల్ దిశని మొత్తం పంపలేదు, అందుకని రెండు వైపులా ఒకే కోడ్‌బుక్ (దిశల పట్టిక, ఒక్కో దిశ ఒక వెక్టర్) పెట్టుకుని, దగ్గరగా ఉన్న వెక్టర్ నంబర్ మాత్రం పంపుతుంది. బీ బిట్లు పంపితే 2 టు ది పవర్ బీ వెక్టర్లలో ఒకటి. ర్యాండమ్ కోడ్‌బుక్ అయితే దిశలో మిగిలే తప్పు సగటున 2 టు ది పవర్ మైనస్ బీ బై 3 లోపు ఉంటుంది, ఆ 3 ఎందుకంటే యాంటెన్నాలు మైనస్ ఒకటి. కాబట్టి 3 బిట్లకి తప్పు సగం, 6 బిట్లకి పావు, 9 బిట్లకి అందులో సగం.

ఇప్పుడు ఇదే తప్పు రెండు చోట్ల ఎలా కనిపిస్తుందో చూడండి. మన సొంత రిసీవర్ వైపు తిప్పుతున్నప్పుడు, 3 బిట్లతో సగం పవర్ అందుతుంది, 3 డీబీ నష్టం. 6 బిట్లతో నష్టం 1.25 డీబీ. 9 బిట్లతో 0.6. ఆ తర్వాత ఎన్ని బిట్లు పోసినా వచ్చేది ఆ రవ్వంతే. అదే ప్రైమరీ వైపు సున్నా పెట్టాలనుకున్నప్పుడు, అంటే ఆ దిశలో అస్సలు పోకూడదు అన్నప్పుడు, ఆ మిగిలిన తప్పే ప్రైమరీకి తగిలే లీకేజ్. అది 3 బిట్లకోసారి 3 డీబీ చొప్పున తగ్గుతూనే ఉంటుంది, 12 బిట్లకి 12 డీబీ, 15 బిట్లకి 15, ఎక్కడా ఆగదు.

కాబట్టి బిట్లు సమానంగా పంచడం తప్పు. చేతిలో 18 బిట్లు ఉంటే 9-9 కాదు, 6 సొంతానికి, 12 ప్రైమరీ వైపు. సొంత లింక్‌లో పోయేది 0.7 డీబీ లోపు, ప్రైమరీకి తగిలేది 3 డీబీ తగ్గుతుంది. ప్రైమరీ దగ్గర లిమిట్ ఫిక్స్ కాబట్టి ఆ 3 డీబీని మనం పవర్ పెంచుకోవడానికి వాడుకోవచ్చు. ఇతరుల హక్కు కాపాడటానికి పెట్టిన బిట్లు తిరిగి మనకే వస్తాయి. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నింటికంటే నచ్చే విషయం ఇదే.

కానీ ప్రైమరీ మనకి ఫీడ్‌బ్యాక్ ఎందుకిస్తుంది, దానికేం పని? అందుకని రెండు దారులు. ప్రైమరీ టీడీడీలో (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపడం, వినడం) నడుస్తుంటే దాని రిసీవర్ కూడా అదే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుంది, అప్పుడు విని చానెల్ మనమే అంచనా వేసుకోవచ్చు, ఒక్క బిట్ కూడా అడగక్కర్లేదు, కాకపోతే మన ఆర్‌ఎఫ్ చైన్లు (రేడియో సర్క్యూట్లు) పంపేటప్పుడూ వినేటప్పుడూ ఒకేలా ఉండవు కాబట్టి క్యాలిబ్రేషన్ చెయ్యాలి. ఇంకోటి, ప్రైమరీ తన వాళ్ళకి ఎలాగూ ఏసీకే, ఎన్‌ఏసీకేలు ("అందింది", "అందలేదు" అనే జవాబులు) పంపుతుంది, అవి మనం డీకోడ్ చేయగలిగితే చాటుగా వినొచ్చు. ఎన్‌ఏసీకేలు పెరిగితే మనం తగులుతున్నట్టు, కొంచెం తగ్గాలి. ఎలాగూ గాల్లో ఉన్న బిట్, దానికి కొత్త ఖర్చు లేదు.

గాజువాక ఈసీఈ
అక్కా, సెకండరీ యూజర్లు చాలామంది ఉంటే? అందరూ తమ చానెల్ క్వాలిటీ పంపాలా? 4జీ ఎల్‌టీఈలో సీక్యూఐ (ఆ క్వాలిటీ నంబర్) 4 బిట్లు అని చదివాను, 40 మంది ఉంటే ప్రతి స్లాట్‌కీ 160 బిట్లు.

బేస్‌బ్యాండ్ రుషికొండ
ఎవరికి వంతు ఇవ్వాలో తేల్చే షెడ్యూలర్‌కి కావాల్సింది అందరిలో బాగున్న ఒక్కడు తమ్ముడూ, మిగతా 39 మంది నంబర్లు చెత్తబుట్టలోకే. థ్రెషోల్డ్ పెట్టు, ఎవడైనా దాటే అవకాశం పదిలో ఒకటి ఉండేలా. అప్పుడు సగటున నలుగురే మాట్లాడతారు. ఎవరూ మాట్లాడని స్లాట్లు 0.9 టు ది పవర్ 40, అంటే 1.5 శాతం, అప్పుడు వరసలో ఎవరో ఒకరికి ఇచ్చెయ్. ఇక్కడ నిశ్శబ్దం ప్రమాదం కాదు చూడు, ఎవడైనా చచ్చిపోతే వాడి వంతే పోతుంది. ప్రైమరీ విషయంలో నిశ్శబ్దాన్ని నమ్మకూడదు, సొంతవాళ్ళ విషయంలో నమ్మొచ్చు. రెండింటికీ ఒకే కోడ్ రాయకూడదు.

జాలరిపేట వైర్‌లెస్
మేడమ్, బోట్లకి ఇదేటైనా పనికొస్తాదా? 5 కిలోమీటర్లు లోపల ఉన్న బోటుకి నెట్టు రావాలంటే ఈ బిట్లు ఎన్నిసార్లు పంపాల?

బేస్‌బ్యాండ్ రుషికొండ
చాలా బాగా పనికొస్తుందండీ. సముద్రం మీద బిల్డింగులుండవు కాబట్టి సిగ్నల్ దాదాపు ఒకే దిశ నుంచి వస్తుంది, అందుకని దిశ ఒక్కటి చెప్తే చాలు. బోటు 8 నాట్లతో పోతుంటే సెకనుకి 4 మీటర్లు. 5 కిలోమీటర్ల దూరంలో 1 డిగ్రీ పక్కకి జరగడానికి 87 మీటర్లు పోవాలి, అంటే 21 సెకన్లు. 600 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ ఫేజ్ అయితే సెకనులో ఎనిమిదో వంతుకే చుట్టు తిరిగిపోతుంది, కానీ అన్ని యాంటెన్నాలకీ కలిపి తిరిగే ఫేజ్ బీమ్‌కి అక్కర్లేదు, దాన్ని పంపడం దండగ. దిశ 20 సెకన్లకోసారి పంపండి. అల మీద బోటు ఊగినప్పుడు, నీటి మీద తగిలొచ్చే రెండో సిగ్నల్ వల్ల బలం మాత్రం పైకీ కిందకీ అవుతుంటుంది, దానికి విడిగా రెండు బిట్లు, కాస్త తొందర తొందరగా.

అదే 600లో బీచ్ రోడ్డు మీద 40 కిలోమీటర్ల స్పీడ్‌లో పోయే కారైతే చానెల్ 19 మిల్లీ సెకన్లకే మారిపోతుంది, 3.5 గిగాహెర్ట్జ్‌లో 3 మిల్లీ సెకన్లకే. ఆ కారుకి 12 బిట్ల అందమైన కోడ్‌బుక్ పెట్టి 20 మిల్లీ సెకన్లకోసారి పంపితే వచ్చేసరికి పాచిపోయి ఉంటుంది.

ఉప్పుగాలి
అప్‌డేట్. మేడమ్ చెప్పిన పోల్ పద్ధతి నాలుగు రోజులుగా నడుస్తోంది. ప్రస్తుతం రెండు సెకన్లకోసారి పోల్, అన్ని నోడ్లూ ఒక చుట్టు రావడానికి 20 సెకన్ల లోపే. నిన్న కావాలనే పెదవాల్తేరు వెళ్ళి ఒక నోడ్ ప్లగ్ పీకి, డాబా మీద నిలబడి ల్యాబ్‌కి ఫోన్ చేసి చూశాను. 14 సెకన్లకి సెకండరీ ఆగింది. ప్లగ్ మళ్ళీ పెట్టాక అది లేచి, తన వంతు వచ్చి పలికే వరకు లింక్ మొదలవలేదు. ఈ 14 సెకన్లు ఇంకా ఎక్కువే, ఒక్క నోడ్ చావు కనిపెట్టడానికి వంతు ఆగక్కర్లేకుండా ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నా, కరెంటు పోయేటప్పుడే చివరి మాటగా "పోతున్నాను" అని ఒక బైట్ పంపేలా పెద్ద కెపాసిటర్ పెట్టమని మా ల్యాబ్ అసిస్టెంట్ అన్నాడు.

ఒక్కటే మిగిలింది. జోడుగుళ్ళపాలెం నోడ్లలో ఒకటి ఎస్‌ఎఫ్ 10లో అస్సలు వినిపించడం లేదు, కొండ పూర్తిగా అడ్డం. దానికి సముద్రం వైపు నుంచి ఒక రిలే కావాలి, తీరం వెంబడి చూపు ఆగకుండా ఉండే డాబా. జాలరిపేట అన్నా, మీ వైపు ఎవరి మేడైనా దొరుకుతుందా?

జాలరిపేట వైర్‌లెస్
మాదే ఉంది, రెండంతస్తులు, పైకెక్కితే రుషికొండ దాకా తెరిపిగా కనిపిస్తాది. ఆదివారం పొద్దున్న ఎనిమిది లోపు వచ్చీయండి, ఆ తర్వాత మా అమ్మ డాబా అంతా చేపలు ఎండేస్తాది, కాలు పెట్టనివ్వదు. యాంటెన్నా తుప్పు పట్టకుండా గ్రీజు నేను తెస్తాను.